పిలిస్తే తిరగని బాబు: వాళ్లమ్మకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను విజయవాడ పటమటలో ఒక క్రెష్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. నేనూ, ఇద్దరు ఆయాలూ కలిసి పద్నాలుగు మంది పిల్లల్ని చూసుకుంటాం. వాళ్లలో ఒక బాబుకు రెండేళ్ల మూడు నెలలు. మా దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. ‘అమ్మ’, ‘తాత’ తప్ప మాటలు లేవు, అవీ ఎప్పుడో ఒకసారి. కారు బొమ్మను తిరగేసి చక్రాలు తిప్పుకుంటూ చాలాసేపు కూర్చుంటాడు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళతాడు. వాళ్లమ్మకు బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రం తీసుకెళ్లేది నానమ్మ. ఒకసారి నెమ్మదిగా కదిపితే ‘మా అబ్బాయికీ మూడేళ్లకే మాటలొచ్చాయమ్మా, ఇప్పుడు వాడు ఇంజనీరు’ అన్నారు. మా ఓనరు గారు ‘మనకెందుకు, అడ్మిషన్ పోతుంది, ఊరుకో’ అంటున్నారు. నేను డాక్టర్ని కాదు. చెబితే తప్పా, చెప్పకపోతే తప్పా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
ఒక సోదరి, విజయవాడ

జవాబు: చెప్పాలమ్మా. చెప్పకపోవడమే తప్పు. అయితే రేపు సాయంత్రమే నానమ్మ గారిని ఆపి చెప్పేయకండి. పది రోజులు ఆగండి. ఆ పది రోజులూ కంటితో చూసింది చూసినట్టు ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని బాబు వాళ్లమ్మతో, వీలైతే నాన్నతో కూడా, కూర్చుని మాట్లాడండి.

మీరు డాక్టరు కాదన్న మాట నిజమే. కానీ డాక్టరు ఆ బాబును చూసేది పది నిమిషాలు. అదీ కొత్త గదిలో, ఇంజెక్షన్ వేస్తారేమోనని వాడు గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు. మీరు రోజంతా చూస్తున్నారు. తింటుండగా, నిద్ర లేస్తుండగా, తోటి పిల్లాడి బొమ్మ లాక్కుంటుండగా చూస్తున్నారు. మీ చుట్టూ అదే వయసు పిల్లలు ఇంకా ఉన్నారు. ఇంట్లో ఒక్కడే బిడ్డ అయితే తల్లికి పక్కన పెట్టి చూసుకోవడానికి ఎవరూ ఉండరు. మీ మనసు ‘ఏదో తేడాగా ఉంది’ అంటోందంటే, ఆరేళ్లలో మీ చేతుల మీదుగా పెరిగిన పిల్లలందరినీ చూసిన కన్ను ఆ మాట అంటోంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఒక పిల్లాడి ఒళ్లు కాలుతుంటే మీరేం చేస్తారు? థర్మామీటర్ పెడతారు, నూటొకటి ఉందని వాళ్లమ్మకు ఫోన్ చేస్తారు. అది మలేరియానా, టైఫాయిడా అన్నది మీరు తేల్చరు. ఎదుగుదల విషయంలోనూ మీ పని అంతవరకే. స్క్రీనింగ్ అనేది థర్మామీటర్. ‘ఇంకా చూపించాల్సిన అవసరం ఉంది’ అని మాత్రమే అది చెబుతుంది. ఏ జబ్బు, అసలు జబ్బేనా అన్నది ఆ తర్వాత నిపుణులు చేసే పరీక్షల్లో తేలుతుంది. స్క్రీనింగ్‌లో అనుమానం వచ్చి, పూర్తి పరీక్షల్లో ఏమీ లేదని తేలే పిల్లలు కూడా చాలామంది ఉంటారు. ఆటిజం (మనుషులతో కలవడంలో, మాట్లాడటంలో తేడా కనబడే ఎదుగుదల సమస్య) అన్న మాట ఈపాటికి మీ మనసులో మెదిలే ఉంటుంది. అది మీ నోట మాత్రం రాకూడదు. ఆయాల దగ్గర కూడా.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ముఖ్యమనిపించింది మాటలు లేకపోవడం కాదు, ‘నా చెయ్యి పట్టుకుని లాక్కెళతాడు’ అన్న వాక్యం. ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు పిల్లలు చూపుడు వేలు వాడటం మొదలుపెడతారు. ముందు కావలసినదాన్ని చూపిస్తారు: బిస్కెట్ డబ్బా, మంచినీళ్ల గ్లాసు. ఆ తర్వాత, తమకు అక్కర్లేని వాటినీ చూపిస్తారు. గోడ మీద పిల్లి కనబడితే వేలు చూపించి, వెంటనే తిరిగి మన మొహంలోకి చూస్తారు. ‘నువ్వూ చూశావా?’ అని అడగడం అన్నమాట. నోట ఒక్క మాట లేకపోయినా అది సంభాషణే. మన అమ్మమ్మలు చంకనేసుకుని చందమామను చూపిస్తూ బువ్వ పెట్టేటప్పుడు జరిగేదీ ఇదే. బిడ్డ మన వేలిని కాకుండా, వేలు చూపించిన చోటును చూస్తుంది. మీ బాబు ఇది చేస్తున్నాడా? కిటికీ బయట కాకిని చూపిస్తే కాకి వైపు చూస్తాడా, మీ వేలి కొసనే చూస్తాడా, అసలు చూడడా? టాటా చెబుతాడా? తినిపిస్తున్నట్టు బొమ్మ నోట్లో ఉత్తుత్తి ముద్ద పెడతాడా? మాటలు ఆలస్యమైనా ఇవన్నీ ఉన్న పిల్లల గురించి నాకు టెన్షన్ తక్కువ. ఇవి కూడా లేకపోతే మాత్రం ఒక్క నెల కూడా ఆగకూడదు.

ఇప్పుడు పుస్తకం సంగతి. రూళ్ల పుస్తకం చాలు. తేదీ, టైము, ఏం జరిగింది, ఆ మూడే రాయాలి. ‘మొండివాడు’, ‘తన లోకంలో ఉంటాడు’, ‘చెబితే వినడు’ లాంటివి రాయకూడదు. అవి మన అభిప్రాయాలు. ఉదాహరణకు ఇలా రాయండి:

సోమవారం, ఉదయం 10.20. బ్లాకులతో ఆడుతున్నాడు. వెనక నుంచి మామూలు గొంతుతో మూడుసార్లు పేరు పిలిచాను. తిరగలేదు. కాసేపటికి వంటింట్లో స్టీలు గిన్నె పడింది. వెంటనే తిరిగి చూశాడు.

అదే రోజు, మధ్యాహ్నం 12.40. పెరుగన్నం అయిపోయింది. ఇంకా కావాలి. నా మణికట్టు పట్టుకుని గిన్నె మీద పెట్టాడు. నా మొహం చూడలేదు.

మధ్యాహ్నం 3.15. నిద్ర లేచాడు. దుప్పటి మొహం మీద వేసుకుని తీస్తూ బూచి ఆట ఆడాను. నవ్వాడు. నాలుగోసారి దుప్పటి తనే లాగి నా మొహంలోకి చూశాడు.

ఆ మూడోది చూశారా? అది రాయడం మర్చిపోకండి. వాడు చేయలేనివి మాత్రమే రాస్తే అది నేరాల చిట్టా అవుతుంది. వాడికి ఏది నవ్వు తెప్పిస్తుందో, ఎప్పుడు మన మొహం చూస్తాడో రాస్తే, రేపు థెరపిస్టు మొదలుపెట్టేది అక్కడి నుంచే. తల్లికి కూడా, ఈవిడ నా బిడ్డను ప్రేమగా చూస్తోందన్న నమ్మకం ఆ వాక్యం వల్లే కలుగుతుంది. జ్వరం ఉన్న రోజు, నిద్ర చాలని రోజు, ఊరి నుంచి వచ్చిన మర్నాడు చూసినవి లెక్కలోకి తీసుకోకండి. ఒకసారి జరిగింది ఒకసారి జరిగినట్టే. పది రోజుల్లో ఏడు రోజులు అదే కనబడితే అప్పుడు చెప్పుకోదగ్గ విషయం.

ఎలా చెప్పాలో రాసే ముందు, ఎలా చెప్పకూడదో నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట గుంటూరులో నేను పనిచేసిన చోట ఒక పాప ఉండేది. రెండేళ్లు దాటినా పిలిస్తే పలికేది కాదు. ఒక సాయంత్రం గేటు దగ్గర, పాపకు చెప్పులు తొడుగుతూ, ఇంకో ఇద్దరు తల్లులు పక్కనే ఉండగా, ‘పాపకు ఏదో ప్రాబ్లం ఉన్నట్టుందండీ, మెదడు డాక్టరుకు చూపించండి’ అనేశాను. ఆ తల్లి మొహం ఎలా మారిపోయిందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మర్నాటి నుంచి పాప రాలేదు. ఏడాదిన్నర తర్వాత బ్రాడీపేటలో ఒక మందుల షాపు ముందు కనిపించారు. పాప రెండు చెవులకూ మిషన్లు ఉన్నాయి. అసలు సంగతి వినికిడి. ‘ఆ రోజు మీరు కొంచెం మంచిగా చెప్పి ఉంటే అప్పుడే తీసుకెళ్లేదాన్నండీ’ అన్నారావిడ. ఆ ఏడాదిన్నర పాపది. పోగొట్టింది నేను. ఇది మీకు జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకే పిలిస్తే తిరగని బిడ్డకు మొట్టమొదట చెవులు పరీక్ష చేయించాలి. గిన్నె చప్పుడుకు తిరిగాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని అనుకోవడానికి వీల్లేదు. పెద్ద చప్పుడు వినబడి, మాటల్లోని సన్నటి ధ్వనులు వినబడని పిల్లలు ఉంటారు. ‘స’, ‘ఫ’ లాంటివి వాళ్లకు అందవు. మాటిమాటికీ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరి, వినికిడి కొన్నాళ్లు తగ్గుతుంది, కొన్నాళ్లు బాగుంటుంది. ఇంట్లో వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడటం కూడా నమ్మదగ్గ పరీక్ష కాదు. గాలి కదలిక తెలిసి, నీడ కనబడి కూడా పిల్లలు తిరుగుతారు. ఓఏఈ, బెరా అని నొప్పి లేని పరీక్షలున్నాయి. బిడ్డ నిద్రపోతుండగా చేసేస్తారు.

మీరు వాడుకోదగిన చార్టుల గురించి కూడా చెబుతాను. మన దేశంలోనే, తిరువనంతపురంలోని చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్‌లో తయారైన త్రివేండ్రం డెవలప్‌మెంట్ స్క్రీనింగ్ చార్ట్ ఉంది. పుట్టినప్పటి నుంచి రెండేళ్ల దాకా 17 అంశాలు, తర్వాత ఆరేళ్ల దాకా పెంచిన దాంట్లో 51 అంశాలు. ఒక్కో పనికి ఒక్కో అడ్డగీత ఉంటుంది. బిడ్డ వయసు దగ్గర నిలువుగా ఒక స్కేలు పెట్టాలి. స్కేలుకు ఎడమవైపే ముగిసిపోయిన గీతల్లో ఏ పనైనా బిడ్డకు రాకపోతే డాక్టరుకు చూపించాలని అర్థం. క్రెష్‌లో ఎవరైనా చేయగలిగినంత తేలిక. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఆటిజం స్క్రీనింగ్ కోసం ఎమ్‌చాట్-ఆర్ అని 20 ప్రశ్నలున్నాయి. మీ బాబుకు 27 నెలలు, కాబట్టి ఆ వయసులోనే ఉన్నాడు. కానీ దానికి జవాబులు చెప్పాల్సింది తల్లిదండ్రులు. అందులో మూడు నుంచి ఏడు మార్కులొస్తే మళ్లీ వివరంగా అడగాలి, ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నేరుగా పూర్తి పరీక్షలకు పంపాలి. అది పిల్లల డాక్టరు దగ్గర జరగనివ్వండి. మీరు చేసి ‘ఇన్ని మార్కులొచ్చాయి’ అని తల్లి చేతిలో కాగితం పెట్టకండి. వీటన్నిటికంటే దగ్గర్లో ఉన్నది ఇంకొకటుంది. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డు. టీకాల పేజీ తప్ప దాన్ని ఎవరూ తెరవరు. అందులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. వాళ్లమ్మను ఆ కార్డు తెమ్మనండి, ఇద్దరూ కలిసి చూడండి.

నానమ్మ గారి మాటకు వద్దాం. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. మాటలు ఆలస్యంగా వచ్చే కుటుంబాలున్నాయి, మూడో ఏట గలగలా మాట్లాడేసిన పిల్లలూ ఉన్నారు. మగపిల్లలకు కొంచెం ఆలస్యం కావడమూ కద్దు, అదీ ఒక నెలో రెండు నెలలో గానీ ఏడాది కాదు. చిక్కల్లా ఒక్కటే. వాళ్లంతట వాళ్లే అందుకునే పిల్లలెవరో, సాయం కావలసిన పిల్లలెవరో ఈ రోజు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పరీక్ష చేయించి ఏమీ లేదంటే పోయేది ఒక పూట. చేయించకుండా కూర్చుంటే పోయేది మెదడు అన్నిటికంటే వేగంగా నేర్చుకునే కాలం. నానమ్మతో వాదించకండి. ‘మీ అబ్బాయి గారి లాగే అందుకుంటాడేమో అమ్మా, అయినా ఒకసారి చెవులు చూపించేస్తే మనకూ నిశ్చింత కదా’ అనండి. ఇంకో సంగతి. మాటలు రావాలని ఇంట్లో వస పోస్తున్నారేమో అడగండి. వసపోసినట్టు మాట్లాడుతుందని మనం ముచ్చటగా అంటాం గానీ, వసకొమ్ము అరగదీసి నాకిస్తే వాంతులు పట్టుకుని ఆసుపత్రిలో చేరిన పసివాళ్లున్నారు. వద్దని చెప్పండి.

ఫోన్ సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. ‘ఫోన్ చూపించడం వల్లే ఇలా అయ్యాడు’ అని తల్లిని మాత్రం నిందించకండి. రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దని, ఆ తర్వాత రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ చేసే నష్టం ఏమిటంటే, మనిషితో మాట్లాడే సమయాన్ని తినేస్తుంది. అన్నం తినేటప్పుడు తీసేస్తే చాలు, మొదలుపెట్టడానికి అది మంచి చోటు. ఇంట్లో తెలుగు, క్రెష్‌లో ఇంగ్లిష్ రైమ్స్ ఉండటం వల్ల మాటలు ఆగిపోవు. కానీ బిడ్డతో మనసారా మాట్లాడేది మనకు బాగా వచ్చిన భాషలోనే ఉండాలి.

వాళ్లమ్మతో మాట్లాడటానికి శనివారమో, ఆవిడకు సెలవున్న రోజో చూసుకోండి. ఉదయం ‘మీతో సాయంత్రం మాట్లాడాలి’ అని చెప్పి రోజంతా హడలగొట్టకండి. తలుపు వేసుకుని కూర్చోండి. బాబును పక్క గదిలో ఆయా దగ్గర ఉంచండి. ముందు దుప్పటి ఆట సంగతి చెప్పండి. తర్వాత ఇలా: ‘మేడమ్, బాబును పది రోజులుగా కొంచెం శ్రద్ధగా గమనించాను. వెనక నుంచి పిలిస్తే ఎక్కువసార్లు తిరగడం లేదు. వేలితో చూపించడం ఇంకా మొదలుపెట్టలేదు. ఇంట్లో ఎలా ఉంటున్నాడు? మీకూ ఎప్పుడైనా అనిపించిందా?’ అని అడిగి ఆగిపోండి. ఆ మౌనం మీకు భరించలేనట్టు ఉంటుంది, అయినా మాటలతో నింపకండి. చాలామంది తల్లులు అప్పుడే నోరు విప్పుతారు. నెలల తరబడి లోపల దాచుకుని, ఎవరికి చెప్పాలో తెలియక, రాత్రిళ్లు ఫోన్‌లో వెతుక్కుంటూ ఉంటారు. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. కోపం వస్తే పడండి. ‘మా వాడికి ఏమీ లేదు’ అంటే ‘లేకపోతే అంతకంటే కావలసిందేముంది మేడమ్, ఈ పుస్తకం మీ దగ్గర ఉంచండి, రెండు వారాల తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం’ అనండి. రెండు వారాల తర్వాత తప్పకుండా మాట్లాడండి. ‘కంగారు పడాల్సిందేమీ లేదు’ అన్న మాట మాత్రం వాడకండి. అది మన చేతిలో లేని హామీ.

ఎక్కడికి వెళ్లాలంటారా. ముందు వాళ్ల పిల్లల డాక్టరు. ఖర్చు కష్టమనుకుంటే మీ ఊళ్లోనే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, పిల్లల విభాగంలో చూపించవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యాలు ఉచితంగా పరీక్షిస్తారు. ఆ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. అనుమానం ఉన్న పిల్లల్ని డీఈఐసీ అనే, ఎదుగుదల సమస్యలకు తొందరగా సాయం అందించే జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు. మీ వీధిలోని అంగన్‌వాడీ టీచరుతో గానీ ఏఎన్ఎంతో గానీ మాట్లాడితే దారి చెబుతారు. పరీక్షకు వెళ్లినంత మాత్రాన ఎవరూ సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ఇచ్చే కాగితం) చేతిలో పెట్టి ముద్ర వేయరు, ఆ భయం పెద్దవాళ్లకు ఉంటే తీసేయండి.

అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే రోజుల్లో మీరు చేయగలిగింది చాలా ఉంది. వాడి కళ్ల ఎత్తుకు కింద కూర్చోండి. పిలిచేటప్పుడు భుజం మీద చెయ్యి వేసి పిలవండి, తిరిగితే నవ్వండి. చక్రాలు తిప్పుతుంటే లాక్కోకండి. మీరూ ఇంకో కారు తీసుకుని పక్కనే తిప్పండి, నాలుగుసార్లు తిప్పి ఐదోసారి ఆపేసి వాడి వైపు చూడండి. నీళ్లు కావాలని చెయ్యి లాగితే వెంటనే ఇవ్వకుండా ‘నీళ్లు’ అని, వాడి వేలిని గ్లాసు వైపు చూపించేలా పట్టి, అప్పుడివ్వండి. పేరున్న రోగమేదీ నిర్ధారణ కాకముందే చేయదగిన సాయం ఇది. ఏమీ లేని పిల్లలకు కూడా మేలే తప్ప కీడు లేదు.

ఓనరు గారి సంగతికి నా సలహా ఒకటే. ఒక్క బాబును వేలెత్తి చూపినట్టు కాకుండా, పద్నాలుగు మందికీ ఆరు నెలలకొకసారి చార్టు చూసే పద్ధతి పెట్టమనండి, చేర్చుకునేటప్పుడే తల్లిదండ్రులకు చెప్పమనండి. అప్పుడు ఏ తల్లికీ ‘మా వాడినే ఎందుకు’ అనిపించదు. అయినా ఒక అడ్మిషన్ పోవచ్చు, పోదని నేను అనలేను. పోయినా సరే చెప్పాల్సిందే.

మిగతా పదముగ్గురిలో చూడాల్సినవి కొన్ని. ఏడాదికి టాటా, చప్పట్లు లాంటి సైగలేవీ లేకపోవడం, ఏడాదిన్నరకు నడవకపోవడం, రెండేళ్లకు ‘అమ్మ రా’ లాంటి రెండు మాటలు కలపకపోవడం. ఏడాది లోపు బిడ్డ ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతుంటే మంచి అలవాటని మురిసిపోకండి, రెండో చేతిలో బలం ఉందో లేదో చూపించండి. రెండు నెలల ముందుగా పుట్టిన బిడ్డకు ఏడాది నిండితే, పది నెలల బిడ్డగా లెక్కేసి చూడాలి, రెండేళ్ల దాకా అలాగే. అన్నిటికంటే తొందరగా కదలాల్సింది ఒకటుంది: వచ్చిన మాటలు పోవడం, చెప్పిన టాటా మానేయడం. ఏ వయసులోనైనా సరే, అది కనబడితే పది రోజుల పుస్తకం కూడా వద్దు, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి పంపండి.

చివరగా, వాళ్లు ఆసుపత్రికి బయల్దేరే రోజు ముందు సాయంత్రం వాళ్లమ్మకు గుర్తు చేయండి: మీ పుస్తకం, టీకాల కార్డు, పుట్టినప్పటి డిశ్చార్జి కాగితాలు పట్టుకెళ్లాలి. ఇంట్లో వాడు ఆడుకుంటుండగా తీసిన రెండు నిమిషాల వీడియో ఉంటే ఇంకా మంచిది. వాడి తిండికి అరటిపండు, వాడి కారు బొమ్మ కూడా సంచిలో పెట్టమనండి. అక్కడ గంటల తరబడి కూర్చోవాల్సి రావచ్చు. చెవుల పరీక్షలో ఏం తేలిందో నాకు తప్పకుండా రాయండి.